కంప్యూటరుకు భావబోధ: పదపట్టిక నుంచి కాకువు దాకా

భావం మాటలోనే ఉంటుందా, మాట పలికే తీరులో ఉంటుందా అన్న ప్రశ్న భారతీయ సాహిత్యశాస్త్రానికి కొత్త కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో వాచికాభినయాన్ని నిరూపిస్తూ కాకువును వివరించాడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఆర్థీవ్యంజనకు హేతువులైన అంశాలలో వక్తతో, శ్రోతతో పాటు కాకువును కూడా పేర్కొన్నాడు. కంప్యూటరుకు మానవభావాలను నేర్పడానికి ఆరు దశాబ్దాలుగా సాగుతున్న కృషిలోనూ ఈ ప్రశ్నే వేరువేరు రూపాలలో ఎదురవుతూ వచ్చింది. ఆ కృషిలో తెలుగు పాత్రను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చరిత్రలో 1966 ముఖ్యమైన సంవత్సరం. హార్వర్డులో ఫిలిప్ స్టోన్ బృందం రూపొందించిన ‘జనరల్ ఇంక్వైరర్’ గురించిన గ్రంథం ఆ ఏడాదే వెలువడింది. పదాలను వర్గాలుగా విభజించి, పాఠంలో ఏ వర్గం పదాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కించడం దాని పద్ధతి. అదే ఏడాది మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలిజా’ను ప్రకటించాడు. ఎదుటివారి వాక్యంలో కీలకపదాన్ని పట్టుకొని, సర్వనామాలను మార్చి, దాన్నే ప్రశ్నగా తిప్పి అడగడమే అది చేసిన పని. అయినా దానితో సంభాషించినవారు అందులో సానుభూతిని చూశారు. భావం యంత్రంలో లేకున్నా శ్రోతలో కలగవచ్చునన్న ఈ అనుభవమే వైజెన్‌బామ్ 1976లో రాసిన విమర్శగ్రంథానికి ప్రేరణలలో ఒకటి.

పదపట్టికల పరిమితి 2002లో స్పష్టమైంది. బో పాంగ్, లిలియన్ లీ, శివకుమార్ వైద్యనాథన్ సినిమా సమీక్షలను అనుకూల, ప్రతికూల వర్గాలుగా విభజింపజేశారు. మనుషులు ఊహతో ఎంచిన పదాల జాబితాలు 58, 64 శాతం సమీక్షలను మాత్రమే సరిగా గుర్తించాయి. ఉదాహరణల నుంచి నేర్చుకున్న యంత్రం 82.9 శాతం దాకా చేరింది. అయితే ఆద్యంతం మెచ్చుకుంటున్నట్లు సాగి, చివర పెదవి విరిచే సమీక్షలు దానికి కూడా చిక్కలేదు.

తెలుగులో పదానికీ, పలుకుకూ ప్రాధాన్యమిచ్చిన రెండు ప్రయత్నాలు దాదాపు ఒకే కాలంలో జరిగాయి. 2010లో అమితవ దాస్, శివాజీ బందోపాధ్యాయ్ బెంగాలీ, హిందీ, తెలుగు భాషలకు ‘సెంటివర్డ్‌నెట్’ను ప్రతిపాదించారు. ఇంగ్లీషు వనరుల్లోని విలువలను ద్విభాషా నిఘంటువుల సాయంతో ఈ భాషల పదాలకు అన్వయించడం అందులో ఒక మార్గం. అంతకు ముందే, 2009లో, ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు తెలుగు భావభాషణ కార్పస్‌ను ప్రకటించారు. ఆకాశవాణి విజయవాడ కేంద్రానికి చెందిన 10 మంది కళాకారులు 15 వాక్యాలను 8 భావాలతో 10 విడతలుగా పలికారు. మొత్తం 12,000 ఉచ్చారణలు. ఆ వాక్యాలు స్వతహాగా ఏ భావమూ సూచించనివి. మాట మారకుండా భావం మాత్రమే మారుతుంది కనుక ఇక్కడ యంత్రం నేర్చుకోవలసినది కాకువునే.

ఆ ఎనిమిది భావాలు కోపం, కరుణ, జుగుప్స, భయం, సంతోషం, తటస్థత, వెటకారం, ఆశ్చర్యం. వీటిని భరతుని ఎనిమిది స్థాయీభావాలతో పోల్చితే క్రోధం, జుగుప్స, భయం, విస్మయం నేరుగా కనిపిస్తాయి. హాసశోకాలకు సంతోషం, కరుణ కొంతవరకు దగ్గరవుతాయి. రతి, ఉత్సాహాలకు చోటు లేదు. పాల్ ఎక్‌మన్ చెప్పిన ఆరు మౌలికభావాలలో లేని వెటకారం ఇక్కడ చేరింది. ‘ఎంత బాగా చేశావు!’ అన్న మాట మెప్పూ కావచ్చు, దెప్పూ కావచ్చు. పదానికి విలువ కట్టే నిఘంటువు ఈ భేదాన్ని చెప్పలేదు.

అయితే ఈ కార్పస్‌కూ ఒక హద్దు ఉంది. రేడియో కళాకారులు పలికినది అభినీతభావం. దాని నుంచి యంత్రం నేర్చుకోగలిగినది వాచికాభినయ లక్షణాలనే. ఇంట్లో, సంతలో, ఆసుపత్రిలో తెలుగువారు దుఃఖాన్ని దాచుకొని మాట్లాడే తీరు అందులో ఉండదు. ఫోనులో సాయం కోరే మనిషి గొంతును యంత్రం అంచనా వేసే చోట ఈ లోపం శాస్త్రచర్చకే పరిమితం కాదు: నెమ్మదిగా చెప్పిన బాధ బాధగా నమోదు కాకపోవచ్చు. భావాల వర్గీకరణ, మాండలిక కాకుభేదాల వర్ణన తెలుగు శాఖలు చేయవలసిన పనులు. అవి జరగనంత కాలం తెలుగువారి భావాలకు కొలమానం ఇతర భాషల పట్టికల నుంచే వస్తుంది.