తొమ్మిది వేల సంతకాల అర్జీ

పని దగ్గర చిక్కు వస్తే మనలో వినబడే మాటలు రెండే. ఒకటి, "ఓర్చుకుందాం, ఇంకెన్నాళ్లు". రెండోది, "ఖల్లివల్లి అయిపోదాం". ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది. నూట యాభై ఏళ్ల క్రితమే, మనలాగే సముద్రం దాటి కూలికి పోయినవాళ్లు మారిషస్ దీవిలో ఆ దారిన నడిచారు. వాళ్ల కథ మనం తెలుసుకోవాలె.

1834 నుంచి అక్కడి చెరకు తోటలకు మన దేశం నుంచి కూలీలను ఒప్పందం మీద తీసుకుపోయారు. ఎక్కువమంది బీహారు వైపు వాళ్లు. తమిళులు, తెలుగువాళ్లు కూడా పోయారు. మనవాళ్లు చాలామంది కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కారు, అందుకే ఆ దీవిలో తెలుగువాళ్లకు ఆ రేవు పేరే పడింది. తొలి ఒప్పందం ఐదేళ్లకు, జీతం నెలకు ఐదు రూపాయలు, పైన తిండి గింజలు.

కాగితం మీద బాగానే ఉంది. తోటలో లెక్క వేరు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. దాన్ని డబుల్ కట్ అన్నారు. ఫిర్యాదు చేద్దామని తోట దాటిపోతే, పని వదిలి పారిపోయాడని కేసు పెట్టేవారు. మన హురూబ్ కేసులు గుర్తొస్తున్నాయి కదా! 1867లో ఇంకో చట్టం తెచ్చారు. ఒప్పందం పూర్తి చేసుకున్న పాత కూలీలు కూడా ఫోటో అంటించిన టికెట్టు, పోలీసు పాసు దగ్గర పెట్టుకుని తిరగాలె. అవి లేకుండా దొరికితే అరెస్టే.

నువెల్ డెకువెర్ట్ అనే చోట మామగారి తోట చూసుకునే అడోల్ఫ్ డి ప్లెవిట్జ్ దగ్గరికి ఈ కూలీలు పోయి తమ బాధలు చెప్పుకున్నారు. అతని సాయంతో అర్జీ తయారైంది. 1871లో అది గవర్నర్ ఆర్థర్ గోర్డన్‌కు చేరింది. దాని మీద 9,401 మంది పాత కూలీల పేర్లున్నాయి.

ఆ అర్జీ ఎందుకు పనిచేసిందో చూడండి. "మాకు కష్టంగా ఉంది" అని ఊరుకోలేదు. ఏ చట్టం వల్ల, ఏ కాగితం వల్ల ఏం నష్టమవుతోందో రాశారు. పేర్లు వేలల్లో ఉన్నాయి, ఒక్కణ్ణి పట్టుకుని నోరు మూయించే వీలు లేదు. తోట మేనేజరును దాటి, విచారణ వేసే అధికారం ఉన్నవాడికే ఇచ్చారు.

తోటల యజమానులు మండిపడ్డారు. డి ప్లెవిట్జ్‌ను దేశం నుంచి వెళ్లగొట్టమన్నారు, ఒక యజమాని అతని మీద చెయ్యి కూడా చేసుకున్నాడు. గవర్నర్ ఒప్పుకోలేదు. పోలీసుల మీద విచారణ వేశాడు. 1872లో లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది. ఫ్రీర్, విలియమ్సన్ అనే ఇద్దరు విచారించి ఇచ్చిన నివేదిక 1875లో అచ్చయింది. అర్జీలో చెప్పిన బాధలు నిజమేనని తేలింది. 1878లో కొత్త కార్మిక చట్టం వచ్చింది. అన్నీ ఒక్కసారే తీరలేదు. డబుల్ కట్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గానీ పోలేదు. అయినా కదలిక మొదలైంది ఆ అర్జీతోనే.

ఇప్పుడు మన సంగతి. ఎమిరేట్స్‌లో 2009 నుంచి, సౌదీలో 2013 నుంచి జీతం బ్యాంకు ద్వారా ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. జీతం ఆగితే బ్యాంకు లెక్కే మన సాక్షి. ఈ రెండు దేశాల్లో సమ్మెకు అనుమతి లేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసుకునే హక్కు మాత్రం ఉంది. కాబట్టి అన్నలారా, తమ్ముళ్లారా, పని గంటలు, ఓటీ ఏ రోజుది ఆ రోజే నోటుబుక్కులో రాసుకోండి. ఒప్పంద పత్రం, ఇకామా ఫోటోలు ఇంటికి కూడా పంపి ఉంచండి. చిక్కు పదిమందిదైతే కాగితం మీద పది పేర్లూ ఉండాలె. క్యాంపు వదిలిపోయే ముందే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు నంబరు తీసుకోండి. మన ఎంబసీకి చెప్పుకోవడానికి 2015 నుంచి మదద్ పోర్టల్ ఉంది.

పారిపోయినవాడి మీద కేసు మిగులుతుంది. రాసి ఇచ్చినవాడి చేతిలో రుజువు మిగులుతుంది.