కాశీయాత్ర నుంచి స్టీవెన్స్ పాస్ దాకా: ప్రయాణంలో ప్రాణమూ పైకమూ



బాతెల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో సెలవుల మాట వస్తే ముఖ్యంగా రెండు దారులు. వేసవిలోనో డిసెంబరులోనో ఇండియా వెళ్ళడం ఒకటి. కారులో సామాను సర్దుకుని, కొండలు దాటి, లెవెన్‌వర్త్‌లో దీపాలు చూసి రావడం రెండోది. ఏ దారి పట్టినా ఇంట్లో జరిగే చర్చ ఒక్కటే. ఒకరు "ఖర్చు తగ్గించుకుందాం" అంటారు. ఇంకొకరు "పిల్లలతో ప్రయాణం, ముందు జాగ్రత్త చూడు" అంటారు. ఈ రెండూ ఒకదానికొకటి పడనట్లు వాదన సాగుతుంది. అది ఎంతవరకు నిజమో, మనకన్నా ముందు దారి నడిచినవాళ్ళ చరిత్రలోంచి ఈవారం చూద్దాం.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అని మనకో సామెత ఉంది. అది ఊరికే పుట్టిన మాట కాదు. దారిలో దొంగలు, జ్వరాలు, అడవులు, వరదలు. ఇవన్నీ దాటి తిరిగొచ్చినవాడు అదృష్టవంతుడి కింద లెక్క. అలాంటి రోజుల్లో చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న కాశీకి బయల్దేరారు. ఒంటరిగా కాదు, ఇంటివాళ్ళూ పరివారమూ కలిపి సుమారు వందమందితో. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరారు. మొత్తం 15 నెలల పైచిలుకు.

ఆయన దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారికి ఉత్తరాలు రాశారు. అవే తర్వాత 'కాశీయాత్ర చరిత్ర' అయ్యాయి. వీరాస్వామయ్య గారు 1836లో కాలం చేశారు; పుస్తకాన్ని పిళ్ళె గారు 1838లో అచ్చువేయించారు. చాలామంది దాన్ని భక్తి గ్రంథమనుకుంటారు గానీ, తెరిచి చూస్తే సగం దారి లెక్కలే. ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఎన్ని ఆమడలు, దిగడానికి చోటుందా, నీళ్ళెలా ఉంటాయి, అంగళ్ళున్నాయా, ఏ నాణెం చెల్లుతుంది, సుంకం ఎక్కడ కట్టాలి... వెనక వచ్చేవాడికి పనికొచ్చే విషయాలన్నమాట.

ఆయన నాగపూరు నుంచి జబల్‌పూరు మీదుగా ఉత్తరానికి పోయిన కాలంలోనే ఆ ప్రాంతంలో విలియం స్లీమన్ అనే కంపెనీ అధికారి ఠగ్గుల మీద వేట మొదలుపెట్టాడు. 1835లో అందుకోసం ఒక ప్రత్యేక శాఖే ఏర్పడింది. ఠగ్గులంటే బాటసారులతో స్నేహం చేసి, కొన్ని రోజులు కలిసి నడిచి, అదను చూసి గుడ్డతో గొంతు బిగించేవాళ్ళని పేరు. వాళ్ళ సంఖ్యనీ కట్టుబాట్లనీ ఇంగ్లీషువాళ్ళు బాగా పెంచి చెప్పారని నేటి చరిత్రకారులు చాలామంది అంటారు. అది ఎలా ఉన్నా, ఆ దారుల్లో మనుషులు మాయమయ్యేవారన్న మాట మాత్రం నిజం. చిన్న చిన్న జట్లుగా, చేతిలో డబ్బుతో పోయేవాళ్ళకే ప్రమాదం ఎక్కువ. వందమంది జట్టు జోలికి వెళ్ళడం అంత తేలిక కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో సెలవు మీద ఊరికి వెళ్ళే కంపెనీ సిపాయిలు ఎక్కువగా బలయ్యేవారు. నెలల తరబడి కూడబెట్టిన జీతం నడుముకి కట్టుకుని బయల్దేరేవారు కదా! 1810లో సెయింట్ లెజర్ అనే సేనాధిపతి వాళ్ళకి ఒక హెచ్చరిక జారీచేశాడు. రొక్కం వెంట ఉంచుకోవద్దు, దానికి బదులు ఊరి దగ్గరి ఖజానాలో తీసుకునేలా హుండీ రాయించుకోండి, దారిలో పరిచయమైన కొత్తవాళ్ళని నమ్మకండి, రాత్రిపూట నడవకండి అని. చూశారా! డబ్బు కాపాడుకునే ఉపాయమూ, ప్రాణం కాపాడుకునే ఉపాయమూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

ఇక నాణేల సంగతి. హైదరాబాదులో ఒక రూపాయి, నాగపూరులో ఇంకో రూపాయి, కంపెనీ రూపాయి వేరు. రాజ్యం దాటినప్పుడల్లా సరాబు దగ్గర మార్చుకోవాలి, మార్చినప్పుడల్లా వట్టం పోతుంది. కంపెనీ ఏలుబడిలో అంతటా ఒకే రూపాయి 1835లో గానీ రాలేదు. దీనికి తోడు ప్రయాగ, గయ, పూరీలలో కంపెనీవాళ్ళు యాత్రికుల మీద పన్ను వేసేవారు. అది 1840లో రద్దయింది. ఎక్కడ ఏ నాణెం చెల్లుతుందో, ఎక్కడ ఎంత కట్టాలో ముందే తెలిసినవాడికి ఖర్చు తగ్గేది, తెలియనివాడు అడిగినంతా ఇచ్చుకునేవాడు.

ఈ బాధ మనవాళ్ళది మాత్రమే కాదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అధ్యక్షుడు ఫార్గో యూరపు వెళ్ళినప్పుడు, పెద్ద పట్నాలు దాటితే తన పూచీ ఉత్తరాలకి డబ్బిచ్చే దిక్కు కనిపించలేదట. తిరిగొచ్చి బెర్రీ అనే ఉద్యోగికి పని అప్పజెబితే, 1891లో ట్రావెలర్స్ చెక్కు పుట్టింది. కొన్నప్పుడొక సంతకం, మార్చినప్పుడొక సంతకం. పారేసుకుంటే డబ్బు వాపసు. సిపాయిల హుండీకి ఇది దూరపు చుట్టమే.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వద్దాం. బాతెల్ నుంచి 522 రోడ్డు మీద మన్రో చేరి, అక్కడ 2వ నంబరు హైవే పట్టుకుంటే స్టీవెన్స్ పాస్ మీదుగా లెవెన్‌వర్త్ చేరతాం. 4,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న ఆ కనుమ పక్కనే ఒకప్పుడు వెల్లింగ్టన్ అనే చిన్న రైల్వే ఊరుండేది. 1910 ఫిబ్రవరి నెలాఖరులో స్పొకేన్ నుంచి సియాటిల్ వస్తున్న ప్యాసింజరు రైలూ, ఒక మెయిలు రైలూ మంచుతుఫానులో అక్కడ చిక్కుకుపోయాయి. రోజులు గడిచాయి, దారి తెరుచుకోలేదు. కొందరు ప్రాణాలకి తెగించి కాలినడకన కొండ దిగి బయటపడ్డారు. మార్చి 1 తెల్లవారుజామున కొండవాలు మీది మంచు విరిగిపడి రెండు రైళ్ళనీ లోయలోకి తోసేసింది. 96 మంది చనిపోయారు. మంచుచరియల వల్ల అమెరికాలో జరిగిన ప్రమాదాల్లో ఇంతమందిని పొట్టనపెట్టుకున్నది మరొకటి లేదు. తర్వాత రైల్వేవాళ్ళు పట్టాల మీద మంచు పడకుండా కప్పులు కట్టారు. 1929లో దాదాపు 8 మైళ్ళ పొడుగున కొత్త సొరంగమే తవ్వారు. పాత రైలుదారి ఇప్పుడు ఐరన్ గోట్ ట్రెయిల్ పేరుతో నడకదారి అయింది. కొండకి మన టైంటేబులు తెలియదని ఆ బాటే చెబుతుంది.

మరి వీటన్నిటిలో మనకి పనికొచ్చేదేమిటి? ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాని హోటలు గది. అందులో పదో ఇరవయ్యో డాలర్లు మిగులుతాయి, నిజమే. కానీ ఆ రోజు మంచు కురుస్తుంటే "డబ్బు పోతుందే" అన్న బెంగ మనని కారెక్కిస్తుంది. తిరిగిరాని డబ్బే ప్రమాదానికి తోస్తుందన్నమాట. రద్దు చేసుకునే వీలున్న గది తీసుకోండి. బయల్దేరేముందు రాష్ట్ర రవాణాశాఖవారు ఉచితంగా చూపించే కనుమల కెమెరాలు చూడండి. చెయిన్లు కారులో పడేయడమే కాదు, ఇంటి ముందే ఒకసారి తగిలించి చూసుకోండి.

రెండోది, ఇండియాకి చవక టిక్కెట్లు. వేర్వేరుగా కొన్న రెండు టిక్కెట్లు కలిపితే తక్కువ పడవచ్చు. మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే మాత్రం, ఆ రెండో కంపెనీకి మీ పట్ల బాధ్యత ఉండదు. పెద్దవాళ్ళు ఒంటరిగా వస్తుంటే దారంతా ఒకే టిక్కెట్టు మీద ఉండడం మేలు. నమ్మకమైన తోడు దొరికితే మరీ మేలు. వీరాస్వామయ్య గారి వందమంది జట్టులో ఉన్న కిటుకు అదే.

మూడోది, డబ్బు మార్పిడి. అంగట్లో కార్డు గీకినప్పుడు డాలర్లలోనా రూపాయల్లోనా అని అడిగితే రూపాయలే అనండి. డాలర్లంటే వట్టం పట్టేది ఆ యంత్రమే. విదేశీ ఖర్చు మీద కొన్ని కార్డులు 3 శాతం దాకా రుసుము తీసుకుంటాయి, అది లేని కార్డులూ ఉన్నాయి. పాతనోట్లు బీరువాలో దాచుకున్నవాళ్ళకి 2016 నవంబరు 8 గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి 500, 1000 నోట్లు చెల్లకుండా పోయాయి.

నాలుగోది, ఆరోగ్యం. "మన ఊరే కదా" అని టీకాలు మానేసేది ముఖ్యంగా చుట్టాలింటికి వెళ్ళేవాళ్ళే. అమెరికాలో బయటపడే టైఫాయిడ్ కేసుల్లో ఎక్కువభాగం దక్షిణాసియా వెళ్ళొచ్చినవాళ్ళవే. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ నీళ్ళు కొత్త. నెలన్నర ముందే డాక్టరుని కలవండి. మీ ఇన్సూరెన్సు దేశం బయట పనిచేస్తుందో లేదో అడగండి. వృద్ధులకిచ్చే మెడికేర్ సాధారణంగా పనిచేయదు.

చివరిమాట. వీరాస్వామయ్య గారికి దారి చూపే అచ్చు పుస్తకం లేదు. ఆయన తెలుసుకున్నది తన దగ్గరే ఉంచుకోకుండా రాసి పంపారు కాబట్టి వెనకవాళ్ళకి దారి తెలిసింది. ఈసారి మీరు వెళ్ళొచ్చాక ఎక్కడ ఎంతైంది, ఎక్కడ ఇబ్బంది పడ్డారు, పెద్దవాళ్ళకి ఏ విమానాశ్రయంలో చక్రాలకుర్చీ సులువుగా దొరికింది, ఒక అరపేజీ రాసి మీ పక్కింటి తెలుగువాళ్ళకి ఇవ్వండి. వచ్చే డిసెంబరులో వాళ్ళమ్మగారు ఒంటరిగా విమానం ఎక్కబోతున్నారేమో!

క్షేమంగా వెళ్ళి లాభంగా రండి. సెలవు.