తిమ్మమ్మ మర్రిమాను

కొన్ని ఊళ్ళకి దేవుడి పేరుంటుంది, కొన్నిటికి రాజుగారి పేరుంటుంది. మామూలు ఇల్లాలి పేరు మోసే చోట్లు ఎన్నున్నాయంటారు? వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కదిరి నుంచి పాతిక కిలోమీటర్లు వెళితే గూటిబయలు అనే చిన్న పల్లె వస్తుంది. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. చుట్టూ గుట్టలు, మెట్టచేలు. శివరాత్రి తిరునాళ్ళు తీసేస్తే పెద్ద సందడేమీ ఉండదు. కానీ గూటిబయలు అంటే తెలియనివాళ్ళకి కూడా తిమ్మమ్మ మర్రిమాను అంటే తెలుస్తుంది.

దూరం నుంచి చూసి తోపనుకుంటాం. దగ్గరికెళితే అంతా ఒక్కటే చెట్టు! దాదాపు అయిదెకరాల మేర పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. వెయ్యికి పైగా ఊడలు నేలలోకి దిగి మానులైపోయాయి. తల్లి ఏదో, పిల్ల ఏదో పోల్చుకోవడం మన తరం కాదు.

ఆ నీడలోనే తిమ్మమ్మకి చిన్న గుడి ఉంది. ఆవిడ భర్త బాలవీరయ్య చనిపోతే, 1434లో తనూ చితి ఎక్కిందని అక్కడివాళ్ళు చెబుతారు. చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఇంత మానైందట. పిల్లలు లేని దంపతులు ఇక్కడ మొక్కుకుంటే కడుపు పండుతుందని నమ్మకం.

గుంజ చిగిర్చిందంటే నాకు పెద్ద వింతనిపించలేదు. మర్రి కొమ్మని పాతిపెడితే వేళ్ళు పోసుకుంటుంది, అది దాని గుణం. నా మనసు ఆగిపోయింది చితి దగ్గర. ఆ రోజు ఆవిణ్ణి ఎవరైనా చెయ్యి పట్టుకు ఆపారా? "నీకు బతకాలని లేదా తల్లీ?" అని అడిగారా? కథలో ఆ మాట లేదు.

ఆ మాట చట్టం అడగడానికి దాదాపు నాలుగు వందల ఏళ్ళు పట్టింది. సతిని 1829లో బెంగాల్లో, 1830లో ఈ సీమ కూడా చేరివున్న మద్రాసు రాజధానిలో నిషేధించారు. సతిని గొప్పగా కీర్తించడం కూడా నేరమేనని 1987లో మరో చట్టం వచ్చింది.

అందుకని వెళ్ళొద్దనడం లేదు సుమా! తప్పకుండా వెళ్ళండి. ఆ చల్లటి నీడలో కూచుని తెచ్చుకున్న పులిహోర తినండి. పిల్లలకి చెట్టు చూపించండి, తిమ్మమ్మ కథా చెప్పండి. పక్కనున్న ఆడపిల్లతో మాత్రం, "ఆడదంటే అలా ఉండాలమ్మా" అనకండి. మర్రిలా ఊడలు దించుకుని బతకమని చెప్పండి.