బైరెడ్డిపల్లె నుంచి బెంగళూరుకు: ఇంట్లోనే ఉండిపోయిన ఒక వ్యాధి చరిత్ర

వ్యాధుల చరిత్రను ఎక్కువగా ఆసుపత్రి రికార్డుల ఆధారంగా రాస్తారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం మొదలైంది. రోగి ఇల్లు వదిలి అక్కడ చేరాడు కాబట్టి అతని వివరాలు రికార్డులకెక్కాయి. చిత్తవైకల్యం, అంటే డిమెన్షియా, సంగతి వేరు. ఆ రోగి ఎక్కువగా ఇంట్లోనే ఉండిపోయాడు. అతన్ని చూసుకున్నవాళ్ళు రిజిస్టర్లు రాయలేదు.

ఐరోపాలోనూ ఇదే జరిగింది. 1901లో ఆగస్టె డీటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని రైల్వే గుమాస్తా అయిన ఆమె భర్త ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేర్చాడు. ఆమె 1906లో మరణించింది. అదే ఏడాది అలోయిస్ అల్జీమర్ తన పరిశీలనను వైద్యుల సభలో వినిపించాడు. 1910లో క్రెపెలిన్ ఆ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇక ఇంట్లో సాగదనుకున్న రోజునే ఆమె కథ చరిత్రలోకి వచ్చింది.

బైరెడ్డిపల్లె కర్ణాటక సరిహద్దు మండలం. అవతల కన్నడంలో 'అరవత్తక్కె అరళు మరళు' అంటారు, అంటే అరవై వస్తే మతి తప్పుతుందని. మనం చాదస్తం అంటాం. వ్యాధిగా చూడనందువల్ల వైద్యం అందలేదు, నిజమే. కానీ పెద్దాయన దారి తప్పితే, ఎదురైనవాళ్ళు "యాడికి పోతా ఉండావు తాతా?" అని చేయి పట్టుకొని ఇంటికి చేర్చేవాళ్ళు. అలాగని పల్లెను స్వర్గంగా ఊహించుకోకూడదు. గదికి గడియ పెట్టిన ఇళ్ళు అక్కడా ఉన్నాయి.

పిల్లలు ఉద్యోగాలకు బెంగళూరు చేరాక తల్లిదండ్రులూ వెళ్ళారు. అపార్ట్‌మెంటులో ప్రతి అంతస్తులోనూ ఒకేలాంటి తలుపులు. లిఫ్టు బటన్లు, గ్యాస్ పొయ్యి, తరచూ మారే వాచ్‌మన్. కొత్త జ్ఞాపకాలు ముందు, పాతవి చివర పోతాయని ఫ్రెంచి మనోవిజ్ఞాని రిబో 1881లోనే రాశాడు. అందుకే ఫ్లాటు నంబరు మరచిన అవ్వకు ఊరి బావి దారి గుర్తుంటుంది. సాయంత్రం కాగానే సంచి సర్దుకొని "ఇంటికి పోదాం పద" అంటుంది. రోజూ దానికి బదులు చెప్పవలసింది చాలా ఇళ్ళలో కోడలే.

మన దేశంలో అల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం 1992లో కేరళలో ఒక సంఘం ఏర్పడింది. అది వెలువరించిన 2010 నివేదిక రోగుల సంఖ్యను 37 లక్షలుగా అంచనా వేసింది. 2023లో వెలువడిన మరో అధ్యయనం 88 లక్షలంది. రెండింటి పద్ధతులు వేరు కాబట్టి ఈ తేడానంతా పెరుగుదలగా లెక్కించకూడదు. పట్టణాల కన్నా పల్లెల్లో ఈ వ్యాధి శాతం ఎక్కువని రెండో అధ్యయనం చూపింది.

2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం పెద్దల భారాన్ని సంతానంపై ఉంచింది. భరణం నెలకు 10,000 రూపాయలకు మించరాదంది. సంతానం అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని నిర్వచించింది. ఆ జాబితాలో కోడలు లేదు. రాత్రంతా తలుపు దగ్గర మేలుకొని కూర్చునే మనిషి ఆసుపత్రి రిజిస్టరులోనూ లేదు, చట్టంలోనూ లేదు.