నిషేధం నుండి యూనిఫారం వరకు

రేణిగుంటలో అరక్కోణం రైలెక్కితే పుత్తూరు దాటాక నగరి కొండలు కనిపిస్తాయి. అక్కడి నగరి యేరు దిగువన కుశస్థలిలో కలుస్తుంది. 1780 ఆగస్టు చివర గుంటూరు నుండి కంచివైపు వస్తున్న కల్నల్ విలియం బెయిలీ సేనను వరదతో రోజుల తరబడి నిలిపివేసినది ఆ కుశస్థలియే. సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద హైదరు, టిప్పులు ఆ సేనను తుడిచిపెట్టారు. బెయిలీకి సాయంగా వచ్చి చిక్కుకున్నవారిలో 73వ హైలాండర్స్ దళానికి చెందిన రెండు కంపెనీలున్నాయి.

వీరి దుస్తుల వెనుక ఒక పరాజయగాథ ఉంది. 1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటును అణచిన ఆంగ్ల ప్రభుత్వం, స్కాట్లండు కొండసీమ మగవారు తమ కిల్టును, గళ్ళ ఉత్తరీయాన్ని ధరించరాదని శాసించింది. తొలి తప్పుకు ఆరు నెలల చెర. మలి తప్పుకు ఏడేళ్ళ ద్వీపాంతరం. మినహాయింపు రాజుగారి సైనికులకు మాత్రమే! ఊరిలో కట్టుకుంటే నేరమైన బట్ట, తుపాకి పట్టినవాడికి గౌరవ చిహ్నమైంది. 73వ దళాన్ని సమకూర్చిన లార్డ్ మాక్లియోడ్ సైతం యౌవనంలో ఆ తిరుగుబాటులో పోరాడి, క్షమాభిక్ష పొందినవాడే.

1782 జూలై 1న ఆ నిషేధం తొలగింది. ఆనాటికి పొల్లిలూరులో పట్టుబడిన కెప్టెన్ డేవిడ్ బెయిర్డ్ ప్రభృతులు శ్రీరంగపట్నం చెరలో మగ్గుతున్నారు. ఆ నవంబరులో బెయిలీ చెరలోనే మరణించాడు. బెయిర్డ్ 1784లో విడుదలయ్యాడు.

ఇక మనవారి మాట. ఉత్తరాదిన కంపెనీ సిపాయిలను 'తెలంగాలు' అనేవారు. తొలి సిపాయిలలో మనవారు ఎందరుండేవారో ఆ పేరే చెబుతుంది. అట్టి మద్రాసు సిపాయిలు కవాతులో నుదుట బొట్టు, నామం, విభూతి పెట్టరాదని, చెవిపోగులు తీసివేయాలని, గడ్డాలు గొరగాలని, తోలు తురాయి గల కొత్త తలపాగా ధరించాలని ఆజ్ఞలు వెలువడ్డాయి. ఫలితం 1806 జూలై 10నాటి వేలూరు తిరుగుబాటు. అది నెత్తుటితో అణగింది, ఆజ్ఞలు రద్దయ్యాయి, గవర్నరు బెంటింక్, సేనాధిపతి క్రాడక్ పదవులు కోల్పోయారు.

మూడేళ్ళకే, 1809లో, ఇంగ్లండులో కొత్తవారు చేరడానికి కిల్టు అడ్డమని పలు స్కాటిష్ దళాలకు ఆ వేషం తీసివేశారు. 1803లో అస్సాయి యుద్ధంలో ఘోరంగా నష్టపోయిన 74వ దళమూ అందులో ఒకటి. ప్రాణాలర్పించిన వారికైనా తమ బట్టపై హక్కు మిగల్లేదు.

నేడు మన సైన్యపు బ్యాగ్‌పైపు బృందాలలో కొన్నిటి భుజాలపై ఆ గళ్ళ గుడ్డ కనబడుతుంది. అది మనకు పాలకుల వేషంగా తోస్తుంది. కానీ ఒకప్పుడది ఓడినవారి బట్ట. దాన్ని ధరించనిచ్చేదీ, విప్పించేదీ ఎప్పుడూ అధికారమే. ఆ సంగతి వేలూరు సిపాయిలకు మనకన్నా బాగా తెలుసు.