నిర్దోషికి పరిహారం: అధికారి దురుద్దేశమే గీటురాయి కావాలా?

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో 2007 డిసెంబరులో ఓ విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో 2008లో అరెస్టయిన యువకుణ్ణి 2010లో సెషన్స్ కోర్టు దోషిగా తేల్చింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఎనిమిదేళ్లకు పైబడిన జైలు జీవితానికి లెక్క కడితే రోజుకు 35 రూపాయలు కూడా పడదు. చాలా కేసుల్లో ఆ మాత్రం ఆదేశమైనా రాదు. శిక్ష రద్దయినవారికి ఇంత ఇవ్వాలని చెప్పే చట్టం మనకు లేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 399వ సెక్షన్ కూడా అకారణంగా అరెస్టు చేయించిన వ్యక్తి నుంచి గరిష్ఠంగా 1,000 రూపాయలు ఇప్పించడం దగ్గరే ఆగిపోయింది.

చట్టం లేనిచోట రాజ్యాంగంలోని 21వ అధికరణమే ఆధారమైంది. బిహార్‌కు చెందిన రుదల్ షా 1968లో నిర్దోషిగా తేలినా 1982 దాకా జైల్లోనే మగ్గాడు. 1983లో సుప్రీంకోర్టు, అప్పటికే ఇచ్చిన 5,000 కాక మరో 30,000 రూపాయలు ఇవ్వమంది. అది తాత్కాలిక ఉపశమనమేనని, పూర్తి నష్టానికి సివిల్ దావా వేసుకోవచ్చని కూడా చెప్పింది. 1993లో నీలబతి బెహరా కేసు ఈ మార్గాన్ని బలపరిచింది. కోయిలకుంట్ల సబ్‌జైలుపై 1977లో జరిగిన బాంబుదాడిలో ఒక ఖైదీ చనిపోయిన కేసులో, ప్రాణహక్కు విషయంలో సార్వభౌమత్వం మాటున ప్రభుత్వం తప్పించుకోలేదని 2000లో తేలింది.

అయితే ఇవన్నీ ఉల్లంఘన కళ్లకు కట్టినట్టు కనిపించిన కేసులు. కోర్టే శిక్ష వేసి, పై కోర్టు దాన్ని రద్దుచేసినప్పుడు చిక్కు మొదలవుతుంది. అక్షర్‌ధామ్ దాడి కేసులో 2014లో సుప్రీంకోర్టు ఆరుగురిని విడుదల చేసింది. వారిలో కొందరు పరిహారం కోరితే 2016లో నిరాకరించింది. నిర్దోషిగా బయటపడినంత మాత్రాన పరిహారానికి హక్కు రాదన్నది ఆ వైఖరి సారాంశం. హైదరాబాద్‌లో మక్కా మసీదు పేలుడు తర్వాత నిర్బంధానికి గురైన యువకులకు రాష్ట్ర ప్రభుత్వం 2012లో పరిహారమిచ్చినా, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

ఇక మిగిలేది సివిల్ దావా. అక్కడ ద్వేషపూరిత ప్రాసిక్యూషన్‌ను రుజువు చేయాలి. సహేతుక కారణం లేకుండా, దురుద్దేశంతో కేసు పెట్టారని చూపాలి. లిమిటేషన్ చట్టం దీనికిచ్చే గడువు ఒక్క ఏడాది. ఏళ్ల తరబడి జైల్లో ఉండి వచ్చినవాడు ఆ ఏడాదిలోనే ఉపాధి వెతుక్కోవాలి, వకీలును పెట్టుకోవాలి, కోర్టు ఫీజు కట్టాలి, పోలీసుల మనసులో ఏముందో సాక్ష్యాలతో నిరూపించాలి. ఆ సాక్ష్యాలన్నీ పోలీసుల దగ్గరే ఉంటాయి! ఈ దారిని పరిహార మార్గమని పిలవడానికి నాకు మనసొప్పదు.

2018 ఆగస్టులో వచ్చిన లా కమిషన్ 277వ నివేదిక ఈ కష్టాన్ని గుర్తించింది. జిల్లాకో ప్రత్యేక కోర్టు ఉండాలని సూచించింది. కానీ దురుద్దేశంతోనో, సద్భావన లేకుండానో ప్రాసిక్యూషన్ జరిగిందని బాధితుడే చూపాలన్న షరతును వదల్లేదు. సద్భావన లేకపోవడంలో నిర్లక్ష్యాన్నీ చేర్చడం మేలే. అయినా ఒక సాక్షి నిజాయతీగానే పొరబడి మరొకరిని గుర్తుపడితే? అక్కడ ఎవరికీ దురుద్దేశం ఉండదు. పోయిన ఏళ్లు మాత్రం పోయినట్టే. ప్రాజెక్టు కింద పొలం పోయిన రైతుకు డబ్బు కట్టేటప్పుడు తహసీల్దారు మనసులో ఏముందని ఎవరూ అడగరు. ప్రజాప్రయోజనం కోసం తీసుకున్నందుకు చెల్లిస్తారు. యౌవనానికి ఆపాటి విలువైనా కట్టకపోవడం అన్యాయం.

అమెరికా ఫెడరల్ చట్టం ఏడాది జైలుకు 50,000 డాలర్లు, మరణశిక్ష పడినవారికైతే లక్ష డాలర్ల వరకు ఇస్తుంది. బాధితుడు అక్కడ తన నిర్దోషిత్వం చూపాలి. అధికారి దురుద్దేశాన్ని చూపనక్కర్లేదు. సంశయలాభంతో బయటపడినవారందరికీ డబ్బెలా ఇస్తామన్నది ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న. ప్రశ్న సబబే. కాబట్టి శిక్ష రద్దుచేసే అప్పీలు కోర్టే ఎందుకు రద్దుచేసిందో, సాక్ష్యం బొత్తిగా లేకనో, అది కల్పితమైనందుకో, తీర్పులోనే నమోదు చేయాలి. ఆ నమోదుతోనే, జైల్లో గడిచిన ఏళ్లను బట్టి పరిహారం ఖరారు కావాలి. తప్పు చేసిన అధికారి ఎవరైనా ఉంటే ఆ సొమ్మును ప్రభుత్వం తర్వాత రాబట్టుకోవచ్చు. బాధితుడి చెల్లింపు మాత్రం ఆ విచారణ కోసం ఆగకూడదు.