మైకు పక్కన మనిషి

మా నాయిన మైకుసెట్టు నడిపిన కాలంలో ఉపన్యాసకుడు మైకును ముట్టుకునేవాడు కాదు. ముట్టుకోబోతే నాయిన ఊకునేవాడు కాదు. స్టాండు ఎత్తు సరిచేసేది ఆయనే. మూతికి ఎంత దూరంలో ఉండాలో చూసేది ఆయనే. మాట్లాడేటాయన ఆవేశంలో తల పక్కకు తిప్పితే, వేదిక వెనక కూచొని గుండీ తిప్పి గొంతు పెంచేది కూడా ఆయనే. "ఉఫ్, ఉఫ్" అని ఊది చూసే పెద్దమనుషులంటే ఆయనకు అసలు పడేది కాదు. "ఊదనీకి అదేమన్న పొయ్యా పటేలా" అని నవ్వుతూనే మైకు పక్కకు జరిపేవాడు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూచున్న పిలగాడు హెడ్‌సెట్ తగిలించుకొని తానే ఉపన్యాసకుడు, తానే మైకు ఆపరేటరు. మాట్లాడటం వాడికి వచ్చు, రెండో పని ఎవరూ నేర్పలేదు. నకిరేకల్‌లో మా దుకాణానికి "అన్నా, మైకు పనిజేస్తలేదు" అని వచ్చే హెడ్‌సెట్లలో చాలావాటికి మైకు బాగానే ఉంటుంది. చెడింది ఇంకెక్కడో. అదెక్కడో తెలియాలంటే ఈ వస్తువు ఎన్ని తీర్లు మారి మా చేతికొచ్చిందో కొంచెం వెనక్కి పోయి చూడాలి.

మైకు రాకముందు ఈ దిక్కున సభ అంటే గొంతు, చాటింపు అంటే డప్పు. నిజాం కాలంలో సభ పెట్టాలంటేనే గస్తీ నిషాన్ 53 అనే హుకుం కింద ముందుగా అనుమతి కావాలి, గొంతు పెంచే యంత్రం దాకా ఆలోచన ఎక్కడ పోతుంది? ఆంధ్ర మహాసభ మాటలైనా, ఆ తర్వాత సాయుధ పోరాటం మాటలైనా పల్లెకు చేరింది బుర్రకథ మీద, గొల్లసుద్దుల మీద, నడిచొచ్చిన మనుషుల నోటి మీద. గాలి ఎటు కొడుతుందో చూసుకొని కథకుడు ఆ వాలున నిలబడేవాడని మా తాత చెప్పేవాడు. ఆ రోజుల్లో సౌండు ఇంజనీరింగు అంటే అంతే.

హైదరాబాదులో మాత్రం నిజాం ప్రభుత్వ రేడియో 1935 నుంచే ఉంది. పట్నంలో మైకు ముందు కూచొని మాట్లాడేవాళ్లు తయారయ్యారు గానీ, మా పల్లెల్లో వినే డబ్బాలే లేవు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది, 1950 ఏప్రిల్ 1న హైదరాబాదు రేడియో ఆకాశవాణిలో కలిసింది. మాది ఆ రెండు ఊర్లను కలిపే రోడ్డు మీది ఊరు. ముల్లు అటు తిప్పితే ఒకటి, ఇటు తిప్పితే ఒకటి. తర్వాత పంచాయతీ ఆఫీసు మీద లౌడ్‌స్పీకర్ గొట్టం పెట్టి రేడియో వినిపించే కాలం వచ్చింది. ఇంట్లో రేడియో పెట్టుకున్నవాళ్లు పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, ఆ లైసెన్సు 1980లలో ఎత్తేసేదాకా ఉంది. రేడియో ఉన్నచోట రేడియో మెకానిక్కు ఉంటాడు. మా నాయిన ముందు అట్లా రేడియో మెకానిక్కే, పెండ్లిళ్ల గిరాకీ చూసి మైకుసెట్టు కొన్నాడు.

మైకుసెట్టు అంటే మా పక్కన అహూజా. ఢిల్లీలో 1940లో మొదలైన కంపెనీ అది. మా నాయిన మొదటి యాంప్లిఫయర్ వాల్వులది. మీట వేశాక వాల్వులు ఎర్రబడి కాగేదాకా అర నిమిషం గమ్మున ఉండాలి. కరెంటు లేని ఊర్లకు కారు బ్యాటరీతో నడిచే సెట్టు ఎడ్లబండి మీద పోయేది. ఊరు చేరగానే అన్నిటికంటే ఎత్తయిన వేపచెట్టో తాటిచెట్టో చూసుకొని గొట్టాలు కట్టేవాళ్లు, మొదట ఘంటసాల భక్తిగీతం రికార్డు వేసేవాళ్లు. ఆ తర్వాతే "హలో, మైక్ టెస్టింగ్". అది వినగానే చుట్టుపక్కల ఊర్లవాళ్లకు ఫలానావారింట్ల లగ్గం మొదలైందని తెలిసేది.

ఆ మైకుల్లో రెండు తెగలుండేవి. చవకవాటిలో రోషెల్ సాల్ట్ అనే ఒక ఉప్పు స్ఫటికం ఉండేది. గొంతు అలకు ఆ స్ఫటికం వంగి కొద్దిగా కరెంటు పుట్టిస్తుంది. ధ్వని గట్టిగానే వస్తుంది గానీ 55 డిగ్రీల వేడి తగిలితే ఆ ఉప్పు పాడైపోతుంది, ఇక బాగుపడదు. నల్లగొండ ఎండల్లో, మే నెల లగ్గాలకు, మూత పెట్టిన రేకుపెట్టెలో ఆ వేడి రావడానికి ఎంతసేపు? తడిబట్ట చుట్టి నీడన పెట్టేవాళ్లట. రెండో తెగ డైనమిక్ మైకు. అయస్కాంతం నడుమ సన్నటి తీగచుట్ట, ఆ చుట్ట కదిలితే కరెంటు. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు 1931లో దాన్ని అమ్మకానికి తెచ్చారు. బ్యాటరీ అడగదు, ఎండకు చావదు, కిందపడ్డా చాలాసార్లు బతుకుతుంది. ఇప్పటికీ వేదికల మీద ఎక్కువగా కనిపించేది దాని సంతానమే. మా నాయిన దృష్టిలో మైకు అంటే అదొక్కటే.

ఎన్నికలొస్తే ఆపరేటర్లకు నిద్ర ఉండేది కాదు. నకిరేకల్‌లో ఎర్రజెండా నాయకుడు నర్రా రాఘవరెడ్డి 1967లో ఒకసారి గెలిచారు, మళ్లీ 1978 నుంచి 1994 దాకా జరిగిన ప్రతి ఎన్నికలో గెలిచారు. ఎర్రజెండా సభకు పొద్దున కట్టిన గొట్టాలే మూడు రంగుల జెండా సభకు సాయంత్రం కట్టేవాళ్లు. జాతరలు ఇంకో లోకం. నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు, రెండేండ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు. అక్కడ మైకు పని పాటల కంటే తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడం. అంత గోలలో మైకు ఆగితే నాయకుడి సభలో ఆగినట్టు కాదు, ఏడుస్తున్న తల్లి ఎదురుగా నిలబడి ఉంటుంది. మా నాయినకు రిపేరులో తొందర, క్రమం రెండూ అక్కడే అలవడ్డాయని నేననుకుంటా.

ఆ క్రమం ఇది. మైకు ఆగిపోగానే మైకును పట్టుకోవద్దు, గొట్టం దిక్కునుంచి రావాలి. రికార్డు వేస్తే పాట వస్తుందా? వస్తే గొట్టమూ యాంప్లిఫయరూ మంచివే. మైకు పిన్ను తీసి, ఆ రంధ్రంలో పెట్టిన తీగ కొసను వేలితో తాకితే "బుర్ర్" మంటుందా? అంటే లోపలి దారి కూడా మంచిదే, ఒంట్లోంచి కరెంటు గుంయిమన్నదన్న మాట. ఇక మిగిలింది వైరు, పిన్ను, మైకు. వైరు సాధారణంగా మధ్యలో తెగదు, పిన్ను దగ్గర రెండు వేళ్ల దూరంలో తెగుతుంది, ఎందుకంటే మడత పడేది అక్కడే. కోసి, పొట్టు తీసి, కొత్తగా సీసం వేస్తే అయిపోయింది. అసలు మైకు దాకా పోవాల్సి రావడం అరుదు. ఆ లావు పిన్ను కూడా చిత్రమైనదే. 1870ల చివర అమెరికాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు చేత్తో కలిపేందుకు చేసిన పిన్ను, దాదాపు ఆ కొలతతోనే ఇవాళ్టి గిటారుకూ పెడుతున్నారు.

దుబాయి నుంచి టేప్ రికార్డర్లు రావడంతో మైకు జాతి మారింది. వాటి మూలన చొక్కా గుండీ అంత మైకు ఉండేది. దాన్ని 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు కనిపెట్టారు. ఎప్పటికీ పోని విద్యుదావేశం నింపిన పలచటి ప్లాస్టిక్ పొర, దాని వెనక ఒక చిన్న ట్రాన్సిస్టర్. ధర కొన్ని రూపాయలు. కానీ ఆ ట్రాన్సిస్టర్‌కు ఒకటి రెండు వోల్టుల కరెంటు కావాలి. నాయినకు నచ్చనిది ఇదే. ఆయన మైకు ఇచ్చేది, ఈ మైకు ముందు అడిగేది. దాని వెనక రెండు సీసం చుక్కల్లో ఒకటి కవచానికి అంటి ఉంటుంది, అది ఎర్తు. తిప్పి అతికిస్తే నోరు విప్పదు. సెల్‌ఫోన్ల లోపలా, చవక హెడ్‌సెట్ల కాడ చివరా చాలాకాలం ఉన్నది ఇదే, దాని తమ్ముళ్లే.

మైకుసెట్టు వ్యాపారం తగ్గడానికి చాలా కారణాలు చెబుతారు. 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దన్నాయి. ఆ తర్వాత డీజే బండ్లు వచ్చాయి. ప్రచారం ఆటోలో ఒకే మాట రికార్డు చేసి తిప్పుతున్నారు, ఆపరేటరుకు బదులు డ్రైవరు చాలు. మేం సెల్‌ఫోన్ల వైపు మళ్లాం.

మళ్లీ మైకు రిపేరు దుకాణానికి తిరిగొచ్చింది 2020లో. లాక్‌డౌన్ పడి హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. కేతేపల్లి, కట్టంగూరు, శాలిగౌరారం పిల్లలు ల్యాప్‌టాప్‌లతో ఊర్లకొచ్చారు. సర్కారు బడి పిల్లలకు సెప్టెంబరు 1 నుంచి టీవీలో పాఠాలు, కాలేజీవాళ్లకు జూమ్‌లో. ఊర్లో ఇంటింటా ఒక సభ నడిచేది, మైకు చూసేవాడు ఏ సభలోనూ ఉండేవాడు కాదు.

ఒక సాఫ్ట్‌వేర్ పిలగాడు వచ్చి అన్నాడు, "అన్నా, అందరి మాట నాకు వినబడ్తది, నా మాట ఎవ్వలికి వినబడ్తలేదు. మేనేజరు తిడ్తుండు." పిన్ను చూశా. దాని మీద నల్లగీతలు మూడు, అంటే నాలుగు ముక్కలు. ఎడమ చెవి, కుడి చెవి, ఎర్తు, మైకు. వాడి ల్యాప్‌టాప్ పాతది, రెండు రంధ్రాలు. గులాబీ రంగుది మైకుకు, ఆకుపచ్చది చెవులకు. నాలుగు ముక్కల పిన్నును ఆకుపచ్చలో పెడితే మాట వినబడుతుంది గానీ మైకుకు దారి ఉండదు. ఒకటిని రెండుగా చీల్చే చిన్న వైరు ఇచ్చి పంపా. హెడ్‌సెట్ విప్పనే లేదు. దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌కు ఒకటే రంధ్రం, పాత హెడ్‌సెట్‌కు రెండు పిన్నులు. దానికి రెండింటిని ఒకటి చేసే వైరు. ఇక నల్లగీతలు రెండే ఉన్న పిన్ను ఒంటిగా వస్తే అడగక్కర్లేదు, దానికి మైకు దారే లేదు.

ఇంకో కేసు నాకు చాలా ఇష్టం. "పాట పెడితే వాయిద్యాలు వస్తున్నయి, పాడేటాయన మాయమైతుండు" అని తెచ్చారు. మైకు కూడా పనిచెయ్యదు. వైరు మీద ఉన్న గుండీ నొక్కిపట్టమన్నా. పాడేటాయన తిరిగొచ్చాడు. నాలుగు ముక్కల పిన్నులో చివరి రెండింటి క్రమం రెండు రకాలు. పాత నోకియా ఫోన్ల కాలంలో కొన్ని కంపెనీలు మైకు ముందు, ఎర్తు తర్వాత పెట్టాయి. ఐఫోన్ క్రమంలో ఎర్తు ముందు, మైకు చివర. తర్వాత లోకమంతా రెండోదానివైపే పోయింది. తప్పు జంట కలిస్తే ఎర్తు తెగిపోయి, రెండు చెవులకూ సమానంగా వచ్చే గొంతు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది, అటూ ఇటూ వేరుగా ఉన్న వాయిద్యాలు మిగులుతాయి. గుండీ నొక్కితే మైకూ ఎర్తూ కలిసి తాత్కాలికంగా దారి పడుతుంది. పిన్ను కోసి రెండు తీగలు మార్చి అతికించా. వేలితో తాకి "బుర్ర్" విన్నంత తృప్తి.

తీగలు సరిగ్గా ఉన్నా పనిచెయ్యని వాటితో మా నాయిన ఓడిపోయేవాడు, ఎందుకంటే అవి చేతికి తగలవు. ల్యాప్‌టాప్‌కు సొంత మైకు ఒకటి ఉంటుంది. హెడ్‌సెట్ పెట్టినా ల్యాప్‌టాప్ దాన్నే వింటూ ఉండొచ్చు, సౌండ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ దగ్గర హెడ్‌సెట్‌ను చూపించాలి. 2018లో వచ్చిన విండోస్ 10 మార్పు తర్వాత ప్రైవసీలో మైక్రోఫోన్ అనుమతి మూసి ఉంటే ప్రోగ్రాములన్నీ చెవిటివే. బ్రౌజర్‌లో మీటింగుకు పోతే బ్రౌజర్ మళ్లీ వేరే అనుమతి అడుగుతుంది, తొందరలో "వద్దు" నొక్కినవాళ్లు ఎందరో. మీటింగులో మ్యూటు ఒకటి, హెడ్‌సెట్ వైరు మీద మ్యూటు మీట ఇంకొకటి, కొన్ని ల్యాప్‌టాప్‌ల కీబోర్డు మీద మూడోది. ఇన్ని తలుపులు దాటాలి గొంతు. నా పద్ధతి మాత్రం నాయినదే, అవతలి కొస నుంచి మొదలుపెడతా. హెడ్‌సెట్‌ను ఫోనుకు పెట్టి వాయిస్ రికార్డరులో మాట్లాడించు. పలికితే ఇక హెడ్‌సెట్ జోలికి పోవద్దు, ల్యాప్‌టాప్‌లోనే వెతుకు. పలకకపోతే పిన్ను దగ్గర రెండు వేళ్ల దూరం వంచి చూడు.

యూఎస్‌బీ హెడ్‌సెట్లలో సౌండు చిప్పు వాటిలోనే ఉంటుంది కనుక పిన్ను తగాదా లేదు, ఇంటర్వ్యూలున్న పిల్లలకు నేను అవే కొనమంటా. బ్లూటూత్‌లో మైకు తెరవగానే పాట టెలిఫోన్‌లా మారిపోతే అది చెడిపోవడం కాదు, చాలా హెడ్‌సెట్లలో ఆ పద్ధతే అంత.

తయారుచేసేవాళ్ల మీద నాకొక ఫిర్యాదుంది. నాయిన అహూజా ముందు పలక మీద ప్రతి రంధ్రం పక్కన తెల్ల అక్షరాలతో మైక్ 1, మైక్ 2, ఆక్స్ అని అచ్చు వేసి ఉండేది. ఇంగ్లీషు రాని కుర్రవాడు కూడా రంధ్రాన్ని గుర్తుపట్టి పిన్ను పెట్టేవాడు. లక్ష రూపాయల ల్యాప్‌టాప్‌కు ఆ రంధ్రం పక్కన నల్లటి రేకు మీద బూడిద రంగులో చీమంత బొమ్మ ఒకటి గీస్తారు. చెవుల బొమ్మ పక్కన మైకు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. అది చూడటానికి నాకు అద్దాలతో పాటు టార్చిలైటు కూడా కావాలి.